మా ఇంటికి వచ్చిన కార్లు

మా వీధి చివర ఒక చెక్క అడ్డు ఉంది. తెల్ల రంగు వేసిన మూడు పలకలు, వాటి మీద కార్ల లైట్లు పడితే మెరిసే ఎర్ర బిళ్ళలు. దాని అవతల నిన్నమొన్నటి దాకా మొక్కజొన్న పొలం ఉండేది. ఇప్పుడు అక్కడ మూడంతస్తుల అపార్ట్‌మెంట్లు లేచాయి. కిటికీ అద్దాలకి అంటించిన కాగితాలు కూడా ఇంకా తీయలేదు. సోమవారం పొద్దున సిటీ వాళ్ళు వచ్చి ఆ అడ్డు తీసేస్తారు. అప్పుడు మా వీధి ఆ అపార్ట్‌మెంట్ల రోడ్డులో కలిసిపోతుంది. అటు నుంచి ఫ్రీవేకి పోవాలంటే దగ్గర దారి మా ఇంటి ముందు నుంచే.

ఈ రోజు శనివారం. పిల్లలిద్దరూ నిద్రపోయాక వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఇది రాస్తున్నాను. పక్క గదిలో పాప పడుకుని ఉంది. దానికి ఏడేళ్ళు. స్కూలు బస్సు మా ఇంటికి నాలుగిళ్ళ అవతల, వీధి వంపు తిరిగే మూల దగ్గర ఆగుతుంది. అక్కడికి వెళ్ళడానికి పక్కన నడిచే దారి లేదు. రోడ్డుకి అటూ ఇటూ కాలవలు, కాలవల అవతల గడ్డి. ఎండాకాలమైతే గడ్డి మీద నడవచ్చు. మంచు పడితే సిటీ వాళ్ళ బండి వచ్చి రోడ్డు మీది మంచునంతా అంచులకి నెట్టేస్తుంది. అది పిల్లల నడుము ఎత్తున గడ్డ కట్టుకుపోతుంది. ఇంక పిల్లలు నడవాల్సింది కార్లు పోయే చోటే. డెట్రాయిట్‌కి అరగంట దూరంలో ఉన్న ఈ ఊళ్ళో నవంబరు నుంచి మార్చి దాకా అంతే.

ఇన్నాళ్ళూ ఎలాగో గడిచింది. అవతలికి దారి లేదు కాబట్టి మా వీధిలోకి వచ్చే కారు మా వీధి వాళ్ళదైనా అయ్యుండాలి, దారి తప్పిందైనా అయ్యుండాలి. సోమవారం నుంచి అలా కాదు. అందులో నా చెయ్యి కూడా కొంత ఉందేమోనని రెండేళ్ళుగా నన్ను ఒక అనుమానం తినేస్తోంది. అదేమిటో మొదటి నుంచీ చెప్పాలి.

రెండేళ్ళ కిందట అక్టోబరులో ఎదురింటావిడ ఒక అట్ట మీద కాగితాలు బిగించుకుని మా తలుపు తట్టింది. భర్త పోయి చాలా కాలమైంది ఆవిడకి, పిల్లలు వేరే రాష్ట్రాల్లో ఉంటారు. మేము ఈ ఇల్లు కొనుక్కుని వచ్చిన మొదటి వారంలోనే అరటిపండు కేకు చేసి తెచ్చి, చెత్త డబ్బా ఏ రోజు బయట పెట్టాలో చెప్పి వెళ్ళింది. మా వైపు ఎవరి గిన్నె అయినా ఖాళీగా తిరిగి పంపం. అందుకని ఆ పళ్ళెం నిండా పులిహోర పెట్టి ఇచ్చాను. మర్నాడు ఆ పళ్ళెమే కడిగి మళ్ళీ నాకు తెచ్చిచ్చింది. కేకుతో పాటు పళ్ళెం కూడా నాకే ఇచ్చేసిందట. అలా అది మూడు సార్లు రోడ్డు దాటింది.

"ఆ పొలం అమ్మేశారు," అంది ఆవిడ. "వందల అపార్ట్‌మెంట్లు కడతారట. మన వీధిని కలిపేస్తారట. మీ పాప బస్సు ఎక్కేది ఆ మూల దగ్గరే కదా?"

నాకు ఇంకేమీ వినపడలేదు. అప్పటికి పాపకి ఐదేళ్ళు. కిండర్‌గార్టెన్‌లో చేరి రెండు నెలలు. బాబు చంకలో ఉన్నాడు. వాణ్ణి ఎడమ చేతిలోకి మార్చుకుని సంతకం పెట్టేశాను.

"మీరు లెక్కలు చదువుకున్నారని మీవారు చెప్పారు," అంది ఆవిడ మళ్ళీ. "రోజుకి ఎన్ని కార్లు పోతాయో మేము సిటీ హాల్లో చూపించాలి. ఇప్పుడే ఈ రోడ్డు పిల్లలకి మంచిది కాదని, ఇంక మొయ్యలేదని చెప్పాలి. మీ వంటింటి కిటికీ నుంచి రోడ్డంతా కనిపిస్తుంది. నా కళ్ళు మునుపటిలా లేవు."

నేను గుంటూరులో బీఎస్సీ చదివాను, స్టాటిస్టిక్స్ తీసుకుని. ఈ దేశం వచ్చిన ఆరేళ్ళలో ఆ చదువుతో ఎవరికీ పని పడలేదు. ఒక మనిషి గుమ్మంలో నిలబడి నీ చదువు మాకు కావాలి అంటే ఎలా ఉంటుందో చెప్పలేను. మూడు వారాలు లెక్కపెట్టాను. ఆవిడ ఇచ్చిన కాగితాల మీద గంట గంటకీ ఒక గడి. కారు పోతే ఒక నిలువు గీత, ఐదో కారుకి నాలుగు గీతల్నీ కొట్టేస్తూ ఒక అడ్డ గీత, కాలేజీలో నేర్పినట్టే. పెన్సిలు కనపడకపోతే పాప క్రేయాన్‌తో గీసేదాన్ని. బాబుకి అన్నం పెడుతూ ఒక కన్ను అటే. అంట్లు తోముతూ అటే. మా ఆయన సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి కాగితాలు చూసి నవ్వేవారు.

"ఇంత శ్రద్ధగా నా కోసం ఎప్పుడైనా కిటికీలోంచి చూశావుటే?"

"మీరు వచ్చే టైము నాకు తెలుసు కదండీ. చూడక్కర్లేదు."

ఆ మాట నవ్వుతూనే అన్నాను. తరవాత నన్ను పట్టుకుంది అదే.

మా ఇంట్లో నెలకి రెండు శనివారాలు ప్రార్థన కూటం జరుగుతుంది. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్న తెలుగు క్రైస్తవ కుటుంబాలు పదో పన్నెండో వస్తాయి. సొంత చర్చి లేదు. మా బేస్‌మెంట్ పెద్దది కాబట్టి ఇక్కడ. నాలుగింటికి మొదలు అనుకుంటాం, ఐదింటికి మొదలవుతుంది. పాటలు, వాక్యం, ప్రార్థన, తరవాత కోడికూర, పప్పుచారు. కార్లన్నీ రోడ్డుకి రెండు వైపులా బారులు తీరతాయి. ఒకసారి ఎవరి కారు అద్దానికో ఎవరో చీటీ పెట్టి వెళ్ళారు, ఇది పార్కింగ్ స్థలం కాదు అని. ఎవరు పెట్టారో తెలియలేదు. ఎదురింటావిడ కాదని అనుకున్నాను. అనుకోవాలనిపించింది.

ఆ నవంబరులో ఒక కొత్త జంట రావడం మొదలుపెట్టారు. అబ్బాయి కార్ల కంపెనీలో డ్రాఫ్టింగ్ చేస్తాడు. అమ్మాయిది భీమవరం దగ్గర, ఐదో నెల. డౌన్‌టౌన్ పక్కన ఒకే గది ఇంట్లో పగలంతా ఒక్కతే. డ్రైవింగ్ రాదు. మొదటి రోజే నన్ను అక్కా అని పిలిచి వంటింట్లోకి వచ్చేసి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది.

మా కూటంలో వాక్యం అయ్యాక ఒక్కొక్కరూ ప్రార్థన అంశాలు చెబుతారు. ఒకరికి గ్రీన్ కార్డు, ఒకరికి జాబు, ఒకరి అత్తగారికి ఆపరేషను. ఆ రోజు ఆ అమ్మాయి వంతు వచ్చింది.

"ఈ వీధి చివర పొలంలో అపార్ట్‌మెంట్లు కడతారంటండీ," అంది తల దించుకుని. "పర్మిషన్ రావాలంట. అవి వస్తే మేం మారిపోతాం. అక్క ఇంటికి నడిచొచ్చెయ్యొచ్చు. పుట్టబోయే బిడ్డతో నాకు ఇక్కడ ఎవరూ లేరండీ. దాని కోసం ప్రార్థన చెయ్యండి."

అందరిలోకీ పెద్దవారు, మేమంతా అన్నయ్యగారని పిలిచే ఆయన, మోకరించారు. అందరం మోకరించాం. ఆయన ప్రార్థన క్లుప్తంగా ఉండదు. ఆ పొలం గురించి, ఆ కట్టేవాళ్ళ గురించి, పర్మిషన్ ఇచ్చే అధికారుల హృదయాల గురించి వివరంగా దేవుడికి మనవి చేశారు. అడ్డొచ్చేవాళ్ళ మనసులు మార్చమని కూడా అడిగారు. చివర అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది. పైన వంటింటి సొరుగులో నేను లెక్కపెట్టిన కాగితాలున్నాయి.

రాత్రి గిన్నెలు తుడుస్తూ మా ఆయన అన్నారు.

"దేవుడికి పాపం నీతో కష్టమే. అక్కడ వద్దని సంతకం, ఇక్కడ కావాలని ఆమెన్. ఆయన ఏ కాగితం చూడాలే?"

"ఊరుకోండి. పాప గురించి కదా."

"ఆ పిల్లకీ పాపో బాబో పుట్టబోతోంది కదా."

నా పాప రోడ్డు మీద నడుస్తోంది. ఆ అమ్మాయి బిడ్డ ఇంకా పుట్టలేదు. అప్పుడు నా తూకం అదే. రాయడానికి బాగాలేదు కానీ అదే.

డిసెంబరులో సిటీ హాలు సమావేశానికి మూడు రోజుల ముందు శనివారం కూటం పడింది. క్రిస్మస్ దగ్గర పడుతోందని నేను కజ్జికాయలు చేశాను. మంచు అప్పటికే రెండు సార్లు పడి అంచుల్లో గట్లుగా పేరుకుంది. ఐదున్నరకే చీకటి. ఆ రోజు ఎవరో దూరం వెళ్ళాలన్నారని తొందరగా ముగించాం. తొందరగా ముగిసింది ప్రార్థన మాత్రమే. మన వాళ్ళ వీడ్కోలు సంగతి తెలిసిందే కదా. హాల్లో ఒకసారి, చెప్పులు వేసుకుంటూ ఒకసారి, గుమ్మంలో ఒకసారి, మళ్ళీ కారు దాకా వెళ్ళి కిటికీ అద్దం దింపించి అసలు మాటలన్నీ అక్కడ. చలికి పొగలు కక్కుతూ ఆడవాళ్ళందరం రోడ్డు మీద నిలబడి ఉన్నాం. పిల్లలు కార్ల మధ్య తిరుగుతున్నారు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ భీమవరం అమ్మాయి క్రితం సారి గోంగూర లేని లోటు తీరుస్తానని పాలకూరతో ఏదో పచ్చడి చేసి స్టీలు డబ్బాలో తెచ్చింది. ఆ డబ్బా కడిగి, నిండా కజ్జికాయలు పెట్టి, పొయ్యి పక్కన ఉంచి మరిచిపోయాను. వాళ్ళు అప్పటికే కారెక్కారు. అబ్బాయి కారు తిప్పుకోవడానికి వీధి చివర అడ్డు దాకా వెళ్ళాడు. తిరిగి మా ఇంటి ముందు నుంచే రావాలి. నేను లోపలికి పరుగెత్తి డబ్బా తెచ్చాను. పాప గుమ్మంలో నిలబడి ఉంది. డబ్బా దాని చేతికిచ్చి అన్నాను.

"పరుగెత్తమ్మా, ఆంటీకి ఇచ్చి రా. వెళ్ళిపోతున్నారు, తొందరగా!"

అది పరుగెత్తింది. చెప్పిన మాట వినే పిల్ల.

ఆగి ఉన్న రెండు కార్ల మధ్య నుంచి రోడ్డు మీదికి వచ్చింది. నల్ల కోటు. నాకు కనపడింది లైట్లు మాత్రమే. తరవాత బ్రేకు వేసిన చప్పుడు, గట్టిపడిన మంచు మీద కారు జారుతున్న చప్పుడు. కారు ఆగకుండా జారుతూనే ఉంది. ఎవరో ఏసయ్యా అని అరిచారు. నేను కాదు.

కారు ఆగింది. పాప దాని ముందు కూర్చుని ఉంది. బంపరు కోటుకి తగిలి వెనక్కి పడిందంతే. మోకాలు గీరుకుంది. డబ్బా మూత ఊడిపోయి కజ్జికాయలు మంచులో చెల్లాచెదురుగా పడ్డాయి. అవి చూసి ఏడుస్తోంది.

"సారీ మమ్మీ, నేను డ్రాప్ చేశా," అంటోంది.

ఎదురింటావిడ నాకంటే ముందు చేరుకుంది. ఇంట్లో వేసుకునే మెత్తటి చెప్పులతో, భుజాల మీద కోటు వేలాడుతూ. పాప చేతులు, కాళ్ళు, తల వెనక తడిమి చూసింది. లేవదీసి నా చేతికి ఇచ్చింది. కారులోంచి దిగిన అబ్బాయి స్తంభంలా నిలబడి ఉన్నాడు. వాడికి లైసెన్సు వచ్చి రెండు నెలలు. ఆ అమ్మాయి సీటులోంచి లేవలేక, పొట్ట పట్టుకుని నన్నే చూస్తోంది. ఎదురింటావిడ రోడ్డుకి రెండు పక్కలా ఉన్న మా కార్లని ఈ చివర నుంచి ఆ చివరకి చూసింది.

"చీకటి పడ్డాక దీనికి నల్ల కోటు వెయ్యకండి," అని మాత్రం చెప్పి వెళ్ళింది.

మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. పాపకి రంగు పుస్తకం తెచ్చింది.

"మంగళవారం సమావేశంలో మీరు మాట్లాడండి. నేను ముసలిదాన్ని, నా మాట వాళ్ళు చాలా సార్లు విన్నారు. తల్లి నిలబడి చెబితే వేరు."

"ఏం చెప్పమంటారు?"

"జరిగిందే. ఈ వీధిలో ఒక చిన్న పిల్ల కారు కింద పడబోయింది. అంతే చెప్పండి చాలు. మిగతాది వాళ్ళే అర్థం చేసుకుంటారు."

"ఆ కారు..." అన్నాను.

ఆవిడ నా వైపు సూటిగా చూసింది. "కారు కారే," అంది. "ఎవరిదని ఎవరూ అడగరు."

ఆవిడ వెళ్ళాక, సమావేశంలో ఇవ్వడానికి కాగితాలు శుభ్రంగా తిరగరాద్దామని కూర్చున్నాను. మూడు వారాలవి. శనివారం గడుల దగ్గర ఆగిపోయాను. మొదటి వారంలోనూ మూడో వారంలోనూ మా ఇంట్లో కూటం జరిగింది. ఆ రెండు శనివారాలూ సాయంత్రం గడుల్లో రెండు గీతలు, ఒక గీత, మూడు గీతలు. అంతే.

మా వాళ్ళ కార్లు ఒక్కటీ లేవు.

దాచలేదు నేను. అదే నన్ను భయపెట్టింది. కావాలని వదిలేసి ఉంటే కనీసం నేను చేశానని తెలిసేది. ఆ సాయంత్రాలు కిటికీ దగ్గర నిలబడి పప్పుచారు తిరగమోత వేస్తూ, ఒక్కొక్క కారూ వచ్చి ఆగుతుంటే, అన్నయ్యగారు వచ్చారు, వాళ్ళొచ్చారు, వీళ్ళొచ్చారు అనుకున్నాను. అవి నాకు కార్లుగా కనపడలేదు. మనుషులుగా కనపడ్డాయి. ఇంటికొచ్చిన వాళ్ళు ట్రాఫిక్ ఎలా అవుతారు? వేళ్ళ మీద లెక్కపెట్టాను. రావడం పోవడం కలిపితే, ఆ శనివారాల్లో పగలంతా మా వీధిలో తిరిగిన కార్లకంటే అవే ఎక్కువ. ఇంకా చూస్తే మా ఆయన కారు పొద్దున పోయే గీత, సాయంత్రం వచ్చే గీత ఒక్క రోజు కూడా లేవు. ఆయన వచ్చే టైము నాకు తెలుసు కదా. చూడక్కర్లేదు.

మా ఆయనకి చూపించాను. చాలాసేపు చూశారు.

"తప్పు లెక్క ఇస్తే నేను నిలబడలేనండీ," అన్నాను.

"సరిచేసి ఇస్తే? మన కూటం అందరి నోళ్ళలో పడుతుంది. రేపు మనవాళ్ళని ఎక్కడ పార్క్ చెయ్యమంటావ్? అన్నయ్యగారింట్లో బేస్‌మెంటే లేదు." కాగితాలు బల్ల మీద పెట్టి, "ఆవిడ చెప్పినట్టు చెబితే రోడ్డు కలపరేమో. పాప మాట ఆలోచించు," అన్నారు.

పాప మాటే ఆలోచిస్తున్నాను. దాన్ని రోడ్డు మీదికి పరుగెత్తమన్నది నేను. ఆ సంగతి వదిలేసి ఈ వీధిలో ఒక పిల్ల కారు కింద పడబోయింది అని ఎలా చెప్పను? ఎప్పుడో పెద్దయ్యాక అది అడిగితే?

సిటీ హాల్లో మడత కుర్చీలు, తడి కోట్ల వాసన. మైకు ముందు ఒక చిన్న దీపం, మూడు నిమిషాలు కాగానే ఎర్రగా వెలుగుతుంది. మా వీధి వాళ్ళు ఒకరి తరవాత ఒకరు లేచారు. నీళ్ళ ఒత్తిడి తగ్గిపోతుందన్నారు. స్కూలు గదులు చాలవన్నారు. ఒకాయన అద్దెకుండేవాళ్ళకి వీధి మీద ప్రేమ ఉండదన్నాడు. చాలామంది చప్పట్లు కొట్టారు. ఈ ఇల్లు కొనే ముందు నాలుగేళ్ళు మేము అద్దెకే ఉన్నాం. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

నా వంతు వచ్చింది. మొదట కాగితాలు ఇచ్చాను. శనివారం గడుల్లో ఎర్ర పెన్నుతో కొత్త గీతలు గీశాను. మా ఆయన కారు గీతలు కూడా. ఆ కార్లు మా ఇంటికి వచ్చినవేనని, మొదట వాటిని వదిలేశానని చెప్పాను. మా పాప కారు కింద పడబోయిందని చెప్పాను. ఆ కారు మా ఇంటి నుంచి వెళ్తున్నదని, పాపని పరుగెత్తించింది నేనేనని చెప్పాను. నా ఇంగ్లీషు నాకే వేరే ఎవరిదో గొంతులా వినిపించింది. ఎదురింటావిడ మూడో వరసలో కూర్చుని తన చేతి సంచీ గొళ్ళెం వైపు చూస్తోంది.

బల్ల వెనక కూర్చున్న సభ్యుల్లో ఒకాయన కళ్ళద్దాలు తీసి అడిగాడు.

"అమ్మా, ఇంతకీ మీరు ఈ అపార్ట్‌మెంట్లు కావాలంటున్నారా, వద్దంటున్నారా?"

"పిల్లలు నడవడానికి పక్కన దారి కావాలంటున్నాను," అన్నాను. "కార్లు ఎవరివైనా సరే. ఇప్పుడున్న కార్ల మధ్యే పిల్లలకి దారి లేదు. ఇన్ని ఇళ్ళ కార్లు వస్తే ఏం చేస్తారు?"

ఎర్ర దీపం వెలిగింది. కూర్చున్నాను.

కట్టేవాళ్ళ తరఫు లాయరు చివర్లో లేచాడు. చాలా మర్యాదగల మనిషి. ఇందాక మాట్లాడిన తల్లిగారి నిజాయితీకి కృతజ్ఞతలు అన్నాడు. ఈ వీధిలో ప్రమాదం ఈ వీధి వాళ్ళ కార్ల వల్లేనని వాళ్ళ నోటితోనే విన్నాం కదా అన్నాడు. నేను చెప్పింది అది కాదు. లేచి ఆ మాట అందామంటే నా మూడు నిమిషాలు అయిపోయాయి.

పర్మిషన్ ఇచ్చారు. ఇళ్ళు కొన్ని తగ్గించమన్నారు. రోడ్డు కలపమన్నారు. పక్కన నడిచే దారి కూడా వెయ్యమన్నారు, కట్టేవాళ్ళ స్థలం ఉన్నంత మేర. అది ఆ చెక్క అడ్డు దాకా వచ్చి తెల్లగా, కొత్తగా, మా కాలవ ముందు ఆగిపోయింది. బస్సు మూలకి ఇంకా తొమ్మిదిళ్ళు.

నేను నోరు మూసుకుని ఉంటే రోడ్డు కలిపేవాళ్ళు కాదా? మా ఆయన అంటారు, వాళ్ళు ముందే నిర్ణయించుకుని వచ్చారు, నీ మాటకి అంత బలం ఉందని మురిసిపోకు అని. నన్ను ఓదార్చడానికే అంటారు. ఎదురింటావిడ ఆ చలికాలమంతా నాతో మాట్లాడలేదు. చెయ్యి ఊపితే తల ఊపేది. పాపతో మాత్రం మాట్లాడేది.

ఇంట్లో ఒకటి మాత్రం మార్చాను. కూటానికి వచ్చేవాళ్ళు కార్లు ఒకే వైపు పెట్టాలి. మిగిలినవి రెండు వీధుల అవతల పెట్టి నడిచి రావాలి. వీడ్కోళ్ళన్నీ గుమ్మం లోపలే. గడప దాటాక మాటల్లేవు.

"ఈ చెల్లెమ్మ ఇంట్లో బై చెప్పడానికి కూడా పర్మిట్ కావాలర్రా," అని అన్నయ్యగారు బూట్లు వేసుకుంటూ అందరినీ నవ్విస్తారు. కానీ పాటిస్తారు. పాప మోకాలి మచ్చ ఆయనా చూశారు.

ఆ అమ్మాయికి ఏప్రిల్‌లో ఆడపిల్ల పుట్టింది. మూడో నెలలో బిడ్డని తీసుకుని వచ్చి, వంటింట్లో కూర్చుని, ఉన్నట్టుండి అడిగింది.

"అక్కా, మీరు ముందు వద్దని సంతకం పెట్టారంట కదా?"

ఎవరు చెప్పారో అడగలేదు. "పెట్టాను."

"ఆ రోజు ఆమెన్ కూడా అన్నారు. నా పక్కనే ఉన్నారు, నాకు వినపడింది."

"అన్నాను."

"ఏంటక్కా మీరు?" అని నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "మేమొస్తే ట్రాఫిక్ అనుకున్నారా?"

"మీరని నాకు తెలీదే. ఎవరో వస్తారనుకున్నాను."

"ఆ ఎవరో మేమే కదక్కా. మాలాంటోళ్ళే కదా అద్దెకొచ్చేది."

బిడ్డ ఏడిస్తే లేచింది. వెళ్ళేటప్పుడు స్టీలు డబ్బా తీసి బల్ల మీద పెట్టింది, ఆ రోజు రోడ్డు మీద సొట్టపడినదే. లోపల సున్నుండలు. ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వడం తనకీ చేతకాదు. దాన్ని మళ్ళీ నింపి ఇచ్చాను, కారు దాకా నేనే తీసుకెళ్ళి.

వాళ్ళు ఆ అపార్ట్‌మెంట్లలో రెండో అంతస్తు తీసుకున్నారు. వచ్చే శనివారం దిగుతారు. ఆ కొత్త దారి మీద బిడ్డని స్ట్రోలర్‌లో తోసుకుంటూ మా ఇంటికి వస్తానంటోంది. ఆ దారి ఆగిపోయే చోట నుంచి మా గుమ్మం దాకా తనూ రోడ్డు మీదే రావాలి. ఇంతకు ముందు ఒక్క పిల్ల కోసం కిటికీలోంచి చూసేదాన్ని.

నెల రోజులుగా పాపకి రోడ్డు మీద నడవడం నేర్పిస్తున్నాను. కార్లు ఎదురుగా వచ్చే వైపు నడవాలి. ఇంజను చప్పుడు వినపడితే గడ్డి మీదికి దిగి ఆగాలి. మంచు గట్టు ఉంటే దాని మీదికి ఎక్కి ఆగాలి. ఆగి ఉన్న కార్ల మధ్య నుంచి రాకూడదు, మమ్మీ చెప్పినా రాకూడదు. కోటు ఎర్రది కొన్నాను. ఈ సాయంత్రం చివరిసారి ఇంటి నుంచి మూల దాకా, మూల నుంచి అడ్డు దాకా నడిచాం. బాబు నా వేలు పట్టుకుని వెనక నుంచి లాగుతున్నాడు. ఎదురింటావిడ ఉత్తరాల పెట్టె దగ్గర నిలబడి మమ్మల్ని కాసేపు చూసింది.

"సోమవారం పొద్దున బస్సు దగ్గర నేనూ నిలబడతాను," అంది. "రోజూ నిలబడగలను. నాకు వేరే పనేముంది?"

థాంక్యూ అన్నానో లేదో గుర్తు లేదు.

అడ్డు దగ్గరికి వచ్చేసరికి పాప ఆ ఎర్ర బిళ్ళ ఒకదాన్ని వేలితో నొక్కి చూసింది. అవతల ఖాళీ కిటికీల్లో ఒక్క దాంట్లో మాత్రం లైటు వెలుగుతోంది, ఎవరో పెయింటు వేస్తున్నట్టున్నారు.

"మమ్మీ, ఆంటీ వాళ్ళ కార్ వస్తే కూడా ఆగాలా?"

"ఆగాలి."

"కానీ ఆంటీకి నేను తెలుసు కదా. అంకుల్‌కి కూడా తెలుసు."

"తెలిసినా ఆగాలి. గడ్డి మీదికి దిగి నిలబడాలి."

ఎర్ర బిళ్ళని ఇంకోసారి నొక్కింది.

"డాడీ కార్ అయితే?"

"డాడీ కారైనా అంతే," అన్నాను.